ఆపదలో ఆశ్రయం: కొత్తరెడ్డిపాలెం యూదులు

తెలుగు చర్చిల్లో వినిపించే కీర్తనల గ్రంథం మొదట యూదుల ప్రార్థనా గ్రంథం. అందులోని 150 కీర్తనల్లో 91వది ప్రత్యేకమైనది. దేవుణ్ణి కోటగా, ఆశ్రయంగా భావించే ఈ కీర్తనను యూదులు రాత్రి నిద్రకు ముందు, అంత్యక్రియల్లో, ఆపద సమయాల్లో చదువుతారు.

హీబ్రూలో అలా ప్రార్థించే తెలుగువాళ్లూ ఉన్నారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్ యూదులుగా చెప్పుకుంటాయి. మాదిగ సమాజానికి చెందిన వీళ్ల కుటుంబాలు గతంలో బాప్టిస్టు చర్చిలో ఉండేవి. షమూయేల్, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో 1990ల ఆరంభంలో ఇక్కడ సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) వెలసింది. ఈ చిన్న సమాజాన్ని తీవ్రవాదులు లక్ష్యంగా చేసుకున్నారని 2004లో వార్తలొచ్చాయి. అయినా సబ్బాతు (వారపు విశ్రాంతి దినం) ఆచారం ఆగలేదు. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

అయితే యూదు ధర్మంలో దైవాన్ని నమ్మడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ప్రాణం కాపాడాల్సి వస్తే సబ్బాతు నియమాన్నైనా పక్కన పెట్టాలి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో, విశ్రాంతి దినాన పోరాడకుండా చాలామంది హతమయ్యాక, యూదుల తిరుగుబాటు నాయకుడు మత్తతీయ, అతని అనుచరులు ఆ రోజునా ఆత్మరక్షణకు ఆయుధం పట్టాలని నిర్ణయించారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు వైద్యుణ్ణి పిలవడం, నిప్పు ఆర్పడం కూడా ఈ ప్రాణరక్షణ నియమం కిందకే వస్తాయి.