గట్టుకు కులం ఉన్నచోట

‘కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తే మాకున్న రెండు సెంట్ల ఇంటిస్థలం కూడా లాక్కుంటారట కదా మాస్టారూ?’ వాడపల్లి చుట్టుపక్కల పేటల్లో డిగ్రీ చదువుకునే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పదెకరాల వరిచేను, కొబ్బరితోట ఉన్న ఇంటి పిల్లవాడు ఈ మాట అడిగితే అర్థం చేసుకోవచ్చు. గజం సాగుభూమి లేని ఇంటి పిల్లవాడు కూడా అదే గొంతుతో అడుగుతున్నాడు. ఆస్తే లేనివాడికి ఆస్తి పోతుందన్న భయం ఎవరు నేర్పారు? దీనికి జవాబు చెప్పాలంటే ఆస్తి, శ్రమ, రాజ్యం అనే మూడు మాటల గురించి కమ్యూనిస్టులు నిజంగా ఏమంటారో విడమరచాలి. మన డెల్టాలో ఆ మూడు మాటలూ కులాన్ని తప్పించుకుని ఒక్క అడుగు కూడా వేయలేవన్న సంగతీ చెప్పాలి. ఇందులో రెండో పనిని కమ్యూనిస్టులు చాలా ఆలస్యంగా మొదలుపెట్టారు. మొదటి పనిని అంబేడ్కర్ పేరు చెప్పుకునే వేదికలు దాదాపు వదిలేశాయి.

ముందు ఆస్తి. 1848లో మార్క్స్, ఏంగెల్స్ ప్రకటించిన కమ్యూనిస్టు ప్రణాళిక ఇంటిమీదికో, వంటింటి గిన్నెలమీదికో, ఒంటిమీది బట్టలమీదికో రాలేదు. మనిషి వాడుకునే వస్తువు వేరు, ఇతరులను పనిలో పెట్టుకుని వారి కష్టాన్ని రాబట్టే సాధనం వేరు అన్నది అందులోని మౌలికమైన తేడా. మొదటిది ఎవరిది వారికే ఉంటుంది. భూమి, ఫ్యాక్టరీ, గని, బ్యాంకు వంటి రెండోరకం ఆస్తి సమాజం చేతికి రావాలన్నదే వారి వాదన. రెండు సెంట్ల స్థలం మొదటి కోవలోది. నలుగురు కూలీలు దిగితే తప్ప పండని పాతికెకరాలు రెండో కోవలోవి.

ఈ వాదనకు సాక్ష్యం కోసం జర్మనీదాకా వెళ్లనక్కర్లేదు. వాడపల్లికి కాస్త ఎగువన ధవళేశ్వరం ఉంది. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. బొబ్బర్లంక నుంచి బయల్దేరిన కాలువ ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమ చేలకు నీరిస్తుంది. వరదకు మునిగి, వేసవికి నెర్రెలుబారిన నేల రెండు పంటలు పండే మాగాణి అయింది ఆ నీటితోనే. ఎకరం విలువ ఎన్నోరెట్లు పెరిగింది. పెంచిందెవరు? రాయి మోసినవారు, మట్టి తవ్వినవారు, కాలువ పూడిక తీసినవారు, ఆ ఖర్చుకు పన్నులు కట్టినవారు. పెరిగిన విలువ ఎవరి పట్టాలో చేరింది? తట్ట మోసినవారి పేరు ఏ పట్టాలోనూ కనిపించదు. ఆస్తి ఒకరి కష్టార్జితంగా పైకి కనిపించినా దాని విలువ అందరి శ్రమతో తయారవుతుందని కమ్యూనిస్టులు చెప్పేది ఇదే. గోదావరి జిల్లాలవారికి ఈ మాట పుస్తకాల ద్వారా కన్నా కాలువగట్టు మీద నిలబడితే త్వరగా అర్థమవుతుంది.

అయితే ఆ గట్టు మీద నిలబడినప్పుడు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. తట్ట మోసినవారికి భూమి ఎందుకు రాలేదు? డబ్బు లేక కొనలేకపోయారన్నది సగం జవాబే. అగ్రహారాలు, మొఖాసాలు ఎవరికి దక్కాలో వేలంపాట నిర్ణయించలేదు, పుట్టుక నిర్ణయించింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చినప్పుడు జమీందారు పోయి రైతు వచ్చాడు. చట్టం దృష్టిలో రైతు అంటే పట్టాకు హక్కుదారు. నాగలి పట్టినవాడు, నారు నాటిన ఆడమనిషి ఆ మాటలో ఇమడలేదు. 1973 నాటి భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాగాణికి పది నుంచి ఇరవై ఏడు ఎకరాల దాకా పరిమితి పెట్టింది. చట్టం వస్తోందన్న కబురు ముందే అందినవారు బంధువుల పేర్ల మీదకు భూమిని పంచేసుకున్నారు. ఆ పంపకంలోనూ భూమి కులం గడప దాటలేదు. ఆస్తిని వర్గం కాపాడుతుందని మార్క్స్ చెప్పాడు. ఇక్కడ పెళ్లి సంబంధం కూడా కాపాడుతుందని మన గట్లు చెబుతున్నాయి.

రెండో మాట శ్రమ. కూలివాడు అమ్మేది తన శ్రమశక్తిని. యజమాని ఆ పూటకు దాన్ని కొంటాడు. కూలి ఇచ్చిన విలువకన్నా ఎక్కువ విలువను ఆ శ్రమ సృష్టిస్తుంది. ఆ తేడాయే అదనపు విలువ. లాభం, వడ్డీ, కౌలు అన్నీ దానిలోంచి కోసుకున్న ముక్కలే. లెక్క కోసం ఎకరానికి ముప్పై బస్తాలు పండాయనుకుందాం. పన్నెండు బస్తాలు కౌలుగా భూస్వామికి వెళ్లాయనుకుందాం. ఆ ఆసామి ఆ ఏడాది హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఆ పన్నెండూ తగ్గవు. మిగిలినదానిలో విత్తనం, ఎరువు, మందు, వడ్డీ, యంత్రం, ఊడ్పుకూలి, కోతకూలి పోగా కౌలురైతుకు గింజ మిగిలితే అదృష్టం. చేలో అడుగు పెట్టనివాడి వాటా ఖాయం, రోజంతా చేలోనే ఉన్నవాడి వాటా అనుమానం. ‘కాపిటల్’ను పక్కనపెట్టినా ఈ లెక్క మారదు.

మా నాయనమ్మ ఊడ్పుకూలి. కుంచంతో కొలిచి పోసిన వడ్లే ఆమెకు తెలిసిన వేతనం. కొలత పైన నిండుతుందా, అంచుదాకా ఆగుతుందా అనేది కొలిచేవాడి దయ. ఆమె కొంగు పట్టేది, వడ్లు ఎత్తునుంచి పడేవి. చేతులు తాకకూడదు కదా! శ్రమను కొన్నవాడు శ్రమజీవిని తాకడు. ఇంగ్లండు మిల్లు కార్మికుడికి ఈ అనుభవం లేదు. అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో ఎత్తి చూపినది సరిగ్గా దీన్నే. కులం పనిని విభజించి ఊరుకోదు, పనిచేసే మనుషులను ఒకరికింద ఒకరుగా విడగొడుతుంది. అదే పొలంలో పనిచేసే ఇద్దరు కూలీలు కూలిరేటు దగ్గర ఒకటైనా, మంచినీళ్ల దగ్గర ఇద్దరవుతారు. కోనసీమ బిడ్డ బోయి భీమన్న తన నాటకానికి ‘పాలేరు’ అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. పాలేరు అన్నది ఇక్కడ ఉద్యోగం పేరు కాకుండా పుట్టుక పేరు అయిపోయింది.

ఈ చిక్కుముడి 2011 ఖరీఫ్‌లో దేశమంతా చూసేలా బయటపడింది. గిట్టుబాటు ధర లేదని, ధాన్యం కొనే దిక్కు లేదని, మురుగు పోయే దారి లేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. రైతుల గోడులో నిజముంది. పండించినవాడి గింజకు మార్కెట్టు ధర కట్టే తీరు అన్యాయమని కమ్యూనిస్టులూ అన్నారు. అయితే నాటి డిమాండ్లలో ఉపాధి హామీ పనులను వ్యవసాయ పనుల రోజుల్లో ఆపాలన్నది కూడా ఒకటి. 2005 నాటి చట్టం వల్ల కూలికి మరోచోట పని దొరికి, తన రేటు తాను చెప్పే వీలు మొదటిసారి కొంత వచ్చింది. ఆ వీలే నష్టానికి కారణమన్న మాట గట్ల మీద గట్టిగా వినబడింది. చేను బీడుపడితే ఆసామికి ఒక పంట పోయింది, కౌలురైతుకు ఏడాది పోయింది, కూలికి పొయ్యి ఆరిపోయింది. విరామం ప్రకటించే హక్కు మాత్రం మొదటివాడికే ఉంది. ఆస్తి అంటే వస్తువు కాదు, మనుషుల మధ్య ఉండే అధికారం అన్న మార్క్సిస్టు సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మూడో మాట రాజ్యం. ఆస్తి ఉన్న వర్గం తన ఆస్తిని కాపాడుకోవడానికి నిలబెట్టుకున్న యంత్రాంగమే రాజ్యమని లెనిన్ 1917లో ‘రాజ్యం–విప్లవం’లో వాదించాడు. శ్రామికవర్గం దాన్ని చేజిక్కించుకోవాలి, వర్గాలు పోయిన నాడు రాజ్యం దానంతటదే రాలిపోవాలి అన్నది కమ్యూనిస్టుల నమ్మకం. వాడపల్లికి రాజ్యం తుపాకీ రూపంలో తెలుసు. 1931 మార్చిలో వేంకటేశ్వరస్వామి రథోత్సవంలో రథం మీద గాంధీ చిత్రపటం, జాతీయ జెండా పెట్టినందుకు పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ త్యాగానికి తలవంచి నమస్కరించాలి. అదే గోదావరి గట్టున రాజమండ్రిలో కుసుమ ధర్మన్న అంతకుముందే ‘మాకొద్దీ నల్లదొరతనం’ రాసి ఉన్నాడన్నదీ గుర్తుపెట్టుకోవాలి. తెల్లదొర పోతే వచ్చే రాజ్యం ఎవరిది అని ఆయన ముందే అడిగాడు. జెండా మారినా పట్టా మారకపోతే రాజ్యం స్వభావం మారినట్టా? కమ్యూనిస్టుల ప్రశ్నా ఇదే. ధర్మన్న దాన్ని అంటరానివాడి గొంతుతో అడిగాడు, అంతే తేడా. ఆ తేడా చిన్నది కాదు.

ఇక ఆచరణ. పుచ్చలపల్లి సుందరయ్య తన పేరులోని రెడ్డిని తీసేసి, సొంతూరు అలగానిపాడులో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. తెలంగాణ సాయుధ పోరాటంలో సుమారు మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు ఆయనే తన చరిత్ర గ్రంథంలో నమోదు చేశారు. వెట్టి పోయింది. 1952 తొలి ఎన్నికల్లో రాజమండ్రి లోక్‌సభ స్థానం నుంచి దళితుడైన కానేటి మోహనరావు కమ్యూనిస్టుగా గెలిచారు. వీటిని తక్కువచేసి మాట్లాడేవారికి చరిత్ర తెలియదనుకోవాలి. అదే సమయంలో, కోస్తా కమ్యూనిస్టు నాయకత్వం భూమి ఉన్న ఒక కులం చుట్టూ అల్లుకుందని సెలిగ్ హారిసన్ 1956లోనే రాశాడు. ఆ వాదనలో అతి ఉందని పార్టీలు అన్నాయి. ఉండవచ్చు. కానీ 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు ‘వర్గం మారితే కులం పోతుంది’ అన్న సమాధానం మృతుల ఇళ్ల ముందు నిలబడలేకపోయింది. 1998లో కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఏర్పడి రెండు గ్లాసుల పద్ధతి మీద, శ్మశాన స్థలాల మీద పోరాడింది. పునాది మారేదాకా ఉపరితలం ఆగుతుందన్న పాత పాఠాన్ని కార్యకర్తలే తిరగరాశారు.

మరి అంబేడ్కర్ ఏమన్నాడు? 1956 నవంబరులో ఖాట్మండు ప్రసంగంలో ఆయన బుద్ధుణ్ణీ మార్క్స్‌నూ పోల్చాడు. వ్యక్తిగత ఆస్తి ఒక వర్గానికి అధికారాన్నీ మరో వర్గానికి దుఃఖాన్నీ తెస్తుందన్న దగ్గర మార్క్స్‌తో ఏకీభవించాడు. హింసనూ, నియంతృత్వాన్నీ అంగీకరించలేదు. రాజ్యం రాలిపోయాక దాని చోట ఏది నిలుస్తుందని అడిగాడు. అంతకన్నా ముఖ్యమైనది 1947లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున ఆయన రాసిన ‘రాష్ట్రాలు–అల్పసంఖ్యాకులు’. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలని, పరిహారం చెల్లించి భూమిని రాజ్యం తీసుకోవాలని, దాన్ని కులమత భేదం లేకుండా ఊరి కుటుంబాలకు సమష్టి సాగుకు ఇవ్వాలని, నీరు, విత్తనం, ఎరువు, పశువులు, పనిముట్లు రాజ్యమే సమకూర్చాలని అందులో ప్రతిపాదించాడు. భూస్వామి, కౌలుదారు, కూలి అనే మూడు మెట్లూ ఉండకూడదన్నది ఉద్దేశం. రేపు వచ్చే మెజారిటీ చెరిపేయకుండా ఇదంతా రాజ్యాంగంలోనే రాయాలన్నాడు. ఆస్తి విషయంలో కమ్యూనిస్టులకు ఇంత దగ్గర, రాజ్యం విషయంలో వారికి ఇంత దూరం. ఈ దగ్గరనూ ఈ దూరాన్నీ రెండు పక్షాలూ చదవవలసి ఉంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెట్టాలనగానే మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుడి ఇంటికి నిప్పు పెట్టారు. పేరు నిలిచింది, నిలవాలి కూడా. అక్షరాలకే అంత మంట లేచినచోట ఆయన రాసిన భూమి పథకం బయటికి తీస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే అందరికీ విగ్రహం సుఖంగా ఉంటుంది, 1947 నాటి ఆ పత్రం ఇబ్బందిగా ఉంటుంది.

పెద్ద మార్పు రాత్రికి రాత్రి రాదు. కానీ చిన్న డిమాండ్లలో పెద్ద దారి కనబడుతుంది. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలురైతుకు కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి. ఆ సంతకం అక్కర్లేని చట్టం అడగాలి. గోదావరి లంక భూముల్లో పేదల సహకార సంఘాలకు మొదటి హక్కు అడగాలి. దేవాదాయ భూముల బహిరంగ వేలంలో పాట పెంచే స్తోమత లేని కూలి సంఘానికి చోటు అడగాలి. ఊడ్పుకూలి మగకూలితో సమానం కావాలని అడగాలి. ఈ నాలుగూ ఎర్రజెండా పట్టినవారూ నీలిజెండా పట్టినవారూ కలిసి అడగగలిగినవే. ఆస్తి, శ్రమ, రాజ్యం అన్న మూడు ప్రశ్నలూ వీటిలోనే ఉన్నాయి, వాటితో పాటు కులమూ ఉంది. చదువుకుంటున్న మిత్రులు ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊరి అడంగల్‌లో పట్టాదారుల పేర్లు ఒక కాగితం మీద, ఆ చేలల్లో నిజంగా దిగే మనుషుల పేర్లు ఇంకో కాగితం మీద రాయండి. రెండు జాబితాల్లోనూ ఉన్న పేర్లు ఎన్నో, అవి ఏ వీధివో లెక్కపెట్టండి. ఆ తరువాత మార్క్స్‌నైనా అంబేడ్కర్‌నైనా చదవడం తేలిక.