పన్నెండు డిష్‌లు పట్టిన వింత భుజాలు

ఇప్పపూల కాలంలో భద్రాచలం అడవి అంచు గూడేల్లో తెల్లవారకముందే జనం బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఆ వేళకు సప్తర్షి మండలం వాయవ్యానికి వాలి ఉంటుంది. పులస్త్య నక్షత్రానికి కాస్త ఎడంగా, కంటికి ఆనని మసక మరక ఒకటుంది. అది ఎం106 గెలాక్సీ. దాదాపు రెండున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 1781లో పియర్ మెషాన్ కంటబడింది.

మామూలు సర్పిల భుజాలు సరే, దానికి మరో రెండు ఉన్నాయని 1961లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు కుర్తెస్, క్రువెలియే చూపించారు. వాటిలో కొత్త నక్షత్రాల జాడ లేదు, వేడెక్కిన హైడ్రోజన్ ఎర్రటి వెలుగు తప్ప.

ఆ చిక్కుముడి మీద చెయ్యి వేసింది నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోప్. 1970లో పని మొదలుపెట్టింది. అది నిలిచిన నేల మామూలుది కాదు. నాజీలు అక్కడి శిబిరం నుంచే దాదాపు లక్షమంది యూదులను రైళ్లలో మరణ శిబిరాలకు పంపారు. ఆన్ ఫ్రాంక్ వారిలో ఒకరు. ఆ చోటే ఆకాశాన్ని ఆలకించే చోటయిందని తలచుకుంటే నా మనసు బరువెక్కుతుంది.

25 మీటర్ల డిష్‌లు పన్నెండు, తూర్పు పడమరలుగా 1.6 కిలోమీటర్ల వరసలో నిలబెట్టారు. అప్పట్లో పది కదలనివి, రెండు పట్టాల మీద జరిగేవి. ఒక్క గీతలాంటి వరసతో బొమ్మ ఎలా వస్తుంది? భూమి తిరుగుతుంది కాబట్టి వస్తుంది. గెలాక్సీ నుంచి చూస్తే ఆ వరస పన్నెండు గంటల్లో అరచుట్టు తిరిగినట్టే. జతజతలుగా కలిపిన సంకేతాలను కంప్యూటర్ లెక్కకడితే, 1.6 కిలోమీటర్ల డిష్‌తో తీసినంత స్పష్టమైన చిత్రం దొరుకుతుంది. ఈ ఉపాయం ఉత్తరాకాశానికే బాగా అచ్చివస్తుంది. ఎం106 సప్తర్షుల పక్కన ఉండటం కలిసొచ్చింది.

1972లో వాన్ డెర్ క్రుయిట్, ఓర్ట్, మాథ్యూసన్ తీసిన చిత్రంలో వింత భుజాలు స్పష్టంగా వెలిగాయి. కేంద్రం వాయువును వెదజల్లిందని వారు అన్నారు. ఇప్పుడు తెలిసినదాని ప్రకారం అక్కడ దాదాపు 4 కోట్ల సూర్యులంత కృష్ణబిలం ఉంది. దాని దగ్గర నుంచి ఎగజిమ్మే ధార, అంటే జెట్, ఏటవాలుగా దూసుకెళ్లి గెలాక్సీ బిళ్లలోని వాయువును దున్నుతోంది.

ఆ వాయువు ఎందుకు ముఖ్యమంటే, నక్షత్రాలు పుట్టేది చల్లటి హైడ్రోజన్ అణువుల మేఘాల్లోంచి. ఆ చల్లదనంలో హైడ్రోజన్ దాదాపు కనపడదు. దాని తోడు కార్బన్ మోనాక్సైడ్ 2.6 మిల్లీమీటర్ల తరంగంతో ఆచూకీ చెబుతుంది. 2007లో అచ్చయిన పరిశీలనలో ఆ వాయువు జెట్‌కు ఇరువైపులా కాలువ గట్లలా రెండు బారులుగా కనిపించింది. నడిమి ఖాళీయే 500 కాంతి సంవత్సరాలకు పైన. 2014 నాటి అధ్యయనం ప్రకారం కేంద్రంలోని వాయువులో మూడింట రెండు వంతులు ఇప్పటికే బయటికి పోయింది.

వెస్టర్‌బోర్క్ వరస తర్వాత పద్నాలుగు డిష్‌లకు, 2.7 కిలోమీటర్లకు పెరిగింది. ఎం106ను ఊరికే చూడటానికి మాత్రం అంత వరస అక్కర్లేదు. ఏప్రిల్‌లో కిన్నెరసాని అడవి వైపు వెళ్తే చిన్న టెలిస్కోప్ తీసుకెళ్లండి. రాత్రి పది దాటాక, చంద్రుడు లేని ఉత్తరాకాశంలో ఆ మసక మరకను పిల్లలకు చూపించండి.