కొండచిలువ గుడ్లకు హైదరాబాద్ ఎండాకాలం

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతంలో కొండచిలువలు రెండు రకాలు. మొదటిది ఇక్కడి బండరాళ్ల సందుల్లో తరతరాలుగా బతుకుతున్న మన కొండచిలువ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, దాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో దాని ఉనికి ఉంది. రెండోది పెంపకందార్ల అద్దాల పెట్టెల్లోకి చేరిన ఆఫ్రికా జాతి బాల్ పైథాన్.

మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. బాల్ పైథాన్‌ను పెంచుకోవచ్చు గానీ, 2022లో చట్టానికి చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దానికి పుట్టిన పిల్లల వివరాలూ అందులో చేరాలి. కాబట్టి గుడ్లకు ఏర్పాట్లంటే ముందు కాగితాలు సరిచూసుకోవడమే.

ఆ తర్వాత చూడాల్సింది ఆడ బాల్ పైథాన్ ఒళ్లు. మూడేళ్ల వయసు, కిలోన్నర బరువు వచ్చేదాకా జత కట్టించకపోవడం మంచిది. చలికాలంలో జత కట్టాక కొన్ని వారాలకు పాము నడుము ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఒక రోజులో ఆ వాపు తగ్గుతుంది. అండం విడుదలైందనడానికి గుర్తు అదే. ఆపైన రెండు మూడు వారాలకు కుబుసం విడుస్తుంది. అక్కడి నుంచి నెల రోజులు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఈలోగా తిండి మానేయడం, వెచ్చని మూలకు చేరడం, పొట్ట పైకి తిప్పి పడుకోవడం మామూలే. జబ్బేమోనని కంగారుపడి చేతుల్లోకి తీసుకోకూడదు. తడిపి పిండిన కొబ్బరి పొట్టు పరిచిన చీకటి పెట్టె ఒకటి అమర్చి వదిలేయాలి.

ఒక విడతకు సగటున ఆరు గుడ్లు. కోడిగుడ్డులా గట్టి పెంకు ఉండదు, తోలులాంటి పొర ఉంటుంది. వేలితో మెల్లగా అదిమితే సొట్ట పడుతుంది. పెట్టిన కాసేపటికే గుడ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటిని విడదీయకూడదు. పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఏ వైపు ఉన్నది ఆ వైపే ఉంచాలి. పిండం పైపొరకు అంటుకుని పెరుగుతుంది కాబట్టి, తిరగబడితే చచ్చిపోయే ప్రమాదం ఉంది. 31, 32 డిగ్రీల వేడి, 90 శాతం పైగా తేమ నిలిస్తే దాదాపు రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి.

చిక్కంతా ఆ రెండు నెలలతోనే. అవి తరచు ఏప్రిల్, మే నెలల్లో పడతాయి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే తప్ప చల్లబరచలేదు. మధ్యాహ్నం మూసి ఉన్న ఫ్లాట్‌లో 37 డిగ్రీలుంటే పెట్టెలోనూ అంతే. 35 దాటి చాలాసేపు ఉంటే పిండాలు చనిపోతాయి, లేదా అవకరంతో పుడతాయి. చలిదేశాల వాళ్లు రాసిన సలహాల్లో హీటర్ ముఖ్యం. మనకు గదిని 28 దగ్గర నిలిపే ఏసీ ముఖ్యం. గాలివానకు కరెంటు పోతే థర్మోస్టాట్ ఆగిపోకుండా ఇన్వర్టర్ కూడా ఉండాలి.

మన కొండచిలువ ఈ పనంతా ఒంటితోనే చేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా అది గుడ్లు పెట్టే కాలం. బండ కింద బొరియలో గుడ్లను చుట్టుకుని పడుకుంటుంది. చలేస్తే కండరాలను ఉండుండి బిగించి వదులుతూ వేడి పుట్టిస్తుంది. ఈ కుటుంబంలోనే ఉన్న బర్మా కొండచిలువ ఇలా పరిసరాల కన్నా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉండగలదని న్యూయార్క్ జంతుశాలలో కొలిచి చూసి 1966లో ప్రకటించారు. దక్కన్ ఎండల్లో మన కొండచిలువ చుట్టలు చేసే ఇంకో మేలు గుడ్ల తేమను కాపాడటం. బాల్ పైథాన్ తల్లి ఇలా వణకదు గానీ, గుడ్లు ఎండిపోకుండా చుట్టుకునే ఉంటుంది.

మన కొండచిలువ గుడ్లు పెట్టే ఆ నెలల్లోనూ సైబరాబాద్‌లో జేసీబీలు బండలు తవ్వుతుంటాయి. 2022 మార్చిలో కేరళలోని కాసరగోడ్ దగ్గర హైవే పనుల్లో బొరియలో గుడ్లతో ఉన్న కొండచిలువ కనిపిస్తే, కాంట్రాక్టు సంస్థ అక్కడ 54 రోజులు పని ఆపింది. 24 పిల్లలు పుట్టాయి.

గచ్చిబౌలిలో పునాది తవ్వేటప్పుడు చుట్టచుట్టుకున్న పాము కనబడితే మనమూ అలాగే చేయాలి. పని ఆపి, గుడ్లు కదపకుండా, అటవీ శాఖకో, పాములను కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో చెప్పాలి. ఇక బాల్ పైథాన్ పెంచేవాళ్లు ఒక్క లెక్క వేసుకోవాలి. ఆ పాము 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఆరు గుడ్లంటే అంతకాలం పోషించాల్సిన ఆరు ప్రాణాలు. వాటికి ఇళ్లు చూపలేకపోతే జత కట్టించకండి. తీసుకెళ్లి ఇక్కడి బండల్లో మాత్రం అసలు వదలకండి.