చేపకు పేరుంది, పట్టినవాడికి లేదు

సభకో ధర్నాకో వచ్చి నాంపల్లి స్టేషన్లో దిగిన మనవాళ్లు, ఆదివారమైతే ఆబిడ్స్ దాకా నడుస్తారు. ఆ రోజు మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు నిండా పాత పుస్తకాలే. అట్టల మీద రాసినవాళ్ల పేర్లుంటాయి. ఆ సంగతులు ఎవరి నోట విని రాశారో, వాళ్ల పేర్లు మాత్రం వెతికినా దొరకవు. అలాంటి ఒక పాత పుస్తకం గురించీ, అందులోని ఒక చేప గురించీ కూలి జనానికి చెప్పాలనుకున్నాం.

1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువు చేశాడు. అక్కడ సేకరించిన 200 చేపల బొమ్మలూ వివరాలతో 1803లో లండన్లో పుస్తకం అచ్చువేశాడు. అందులో ఒకటి 'బడి మొట్ట'. దాని తల బల్లి తలలా ఉంటుంది. నోటి నిండా సూదుల్లాంటి పళ్లు, నాలుక మీద కూడా పళ్లే. సముద్రం అడుగున ఇసుకలో, బురదలో కదలకుండా పడుంటుంది. చేప దగ్గరకొస్తే అమాంతం మింగేస్తుంది.

మరి దాన్ని పట్టిందెవరు? దొర కాదు, ఆ తీరపు జాలర్లు. పేరు చెప్పిందీ వాళ్లే. బొమ్మ గీసింది మన దేశపు చిత్రకారుడే. పుస్తకం మీదున్నది మాత్రం రస్సెల్ పేరొక్కటే!

జాలరి తెలివి ఎంతటిదో చూడండి. అదే పుస్తకంలో 'వాన మొట్ట' కూడా ఉంది. మనం ఎండబెట్టి తినే వానమట్ట అదే. దాని ఒళ్లు మెత్తన, దీని ఒళ్లు గట్టి. అయినా జాలరి రెంటినీ 'మొట్ట' అనే అన్నాడు. నేటి శాస్త్రం కూడా ఆ రెంటినీ ఒకే కుటుంబంలో చేర్చింది.

1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే ఆ 'బడి' అనే మాటతోనే ఈ చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. కానీ అది నిలవలేదు. 1795లోనే జర్మనీకి చెందిన బ్లాఖ్ ఇదే చేపను 'తుంబిల్' అని అచ్చువేశాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నియమం. రస్సెల్ మన దేశం విడిచింది 1789లో. అంటే జాలరి ఆ పేరు చెప్పింది అంతకు ముందే. అయితేనేం, నోటిమాట లెక్కలోకి రాదు, అచ్చుకెక్కిందే లెక్క!

ఇది చేపలతో పోయే సంగతి కాదు. విత్తనాల పేర్లు, ఆకుల గుణాలు, కుంటల్లో చేపల జాతులు మన ముసలివాళ్లకు తెలుసు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి. అది ఊరివాళ్లను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు చూపించమనండి. ఎవరిని అడిగి రాశారో నిలదీయండి. మీ మాటతో పాటు మీ పేరూ రాయించండి.

జాలరి పేరు పోయినట్టు మన పేర్లు పోకూడదు.