కొత్త కోడికి వేరు గూడు

తోటల లైన్లలో పెరటియందు నాలుగు కోళ్లు లేని సంసారమును మన పెద్దలు ఎరుగరు. సముద్రములు దాటినను ఆ అలవాటు మనవారిని వీడలేదు. నేడు కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండి సౌదీ అరేబియాకు పోయిన సోదరులు కొందరు అచ్చట మజ్రాలనబడు పొలములలో మేకలను, కోళ్లను సాకుచున్నారు. కోడి చచ్చినచో యజమానికి జవాబు చెప్పవలసినవాడు ఆ పనివాడే. వారికిని మనకును పనికివచ్చు నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము చేసిన పొరపాటునే ముందుగా చెప్పెదము. ఒకప్పుడు సంతలో బక్కచిక్కిన పెట్టను చూచి, జాలిపడి కొనితెచ్చి, నేరుగా మా గూటిలో విడిచితిమి. పది దినములు గడవకమునుపే కోళ్లు ఆకుపచ్చని రెట్టలు వేయుచు, మెడలు వంకరపోయి, ఒకదానివెంట ఒకటి పడిపోయినవి. అది కొక్కెర తెగులు. దానికి మందు లేదు. ముందుగా వేయించు టీకాయే రక్ష. ఒక్క ప్రాణముపై చూపిన తొందరపాటు దయకు పండ్రెండు ప్రాణములు బలియైనవి.

సంత ఎట్టిదో సౌదీ దేశమును చూచినను తెలియును. 2007లో రియాదునకు ఆగ్నేయముననున్న అల్‌ఖర్జ్ ప్రాంతమున హెచ్5ఎన్1 అను పక్షి జ్వరము పుట్టగా లక్షలకొలది కోళ్లను చంపవలసివచ్చెను. 2017 డిసెంబరులో రియాదు పక్షుల సంతలోనే హెచ్5ఎన్8 రకము బయటపడెను. నానా చోట్ల పక్షులు కలియు తావు తెగుళ్లకును కూడలియే.

కావున కొత్తకోడిని కనీసము 30 దినములు దూరముగా వేరు గూటిలో ఉంచవలెను. దాని మేతగిన్నె, నీటిగిన్నె వేరుగానుండవలెను. ముందు పాతకోళ్ల పని ముగించుకొని, పిదపనే దానియొద్దకు పోవలెను. తిరిగివచ్చి చేతులు కడుగుకొని, చెప్పులు మార్చవలెను. రెక్కలక్రింద పేలున్నవేమో, రెట్ట ఎట్లున్నదో నిత్యము చూడవలెను. నెత్తురు రెట్ట కనబడినచో పశువైద్యుని అడిగి మందు వాడవలెను.

ఇక ఎండ. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటచేత ఒడలి వేడిని తగ్గించుకొనును. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఆ నేలపై నీడయు, గాలియు, చల్లని నీరును మందుకంటె ముఖ్యములు. నీటిని దినమునకు పలుమార్లు మార్చవలెను. మేతను తెల్లవారుజామునను, ప్రొద్దు గ్రుంకినపిదపను వేయవలెను. నీరసించిన కోడి గొంతులో నీరు పోయరాదు. అది ఊపిరిత్తులలోనికి పోవచ్చును. ముక్కుకొనకు తడి తగిలించినచో అదియే త్రాగును. ఎడారిలో శీతకాలపు రాత్రి చలియు గట్టిదే; జబ్బుకోడికి అప్పుడు వెచ్చదనము కావలెను.

కోళ్లు ఒక్కుమ్మడిగా చచ్చినచో వట్టిచేతులతో తాకరాదు, కోసి తినరాదు, ఇసుకలో పారవేయరాదు. వెంటనే యజమానికిని, ప్రభుత్వ పశువైద్య కార్యాలయమునకును తెలుపవలెను. నింద తనపై పడునను భయముచే దాచుట సహజమే. కాని దాచిన తెగులు ఇరుగుపొరుగు మందలను, ఒక్కొక్కప్పుడు సాకువానినే పట్టును.

చేరదీయుట మంచిదే. వేరుగానుంచి చేరదీయుట ఇంకను మంచిది. ఆ ముప్పది దినముల ఓర్పు కొత్తదానికిని, పాతవానికిని, సాకువానికిని రక్ష.