కోరిక తీరిందా? ఒక రొట్టె బాకీ

"పెళ్లి రొట్టె! పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?"

"ఉద్యోగం! ఉద్యోగం రొట్టె!"

"సంతానం రొట్టె ఇటు తల్లీ, ఇటు!"

మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర చెవినపడే కేకలివి. ఆడవాళ్లు నెత్తిన కొంగు కప్పుకుని, మగవాళ్లు తువ్వాలో చేతిరుమాలో తలకు చుట్టుకుని నీళ్లలో నిలబడి ఉంటారు. కొందరి చేతుల్లో చపాతీల మూటలు, కొందరివి ఖాళీ చేతులు. మూటలున్నవాళ్లు ఖాళీ చేతులవాళ్ల కోసం చూస్తుంటారు. ఖాళీ చేతులవాళ్లు గొంతెత్తి పిలుస్తుంటారు. ఒడ్డునే బారాషహీద్ దర్గా. పన్నెండు మంది అమరుల సమాధులున్న చోటు. ఆంధ్ర, తెలంగాణల నుంచే కాదు, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా లక్షల్లో జనం వస్తారు. ఇదే రొట్టెల పండుగ. ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా కూడా ప్రకటించింది.

పద్ధతి చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఏదో ఒక కోరిక మనసులో పెట్టుకుని ఈ నీళ్లలో నిలబడి రొట్టె తీసుకుని తింటారు. కోరిక తీరితే మరుసటి ఏడాది అదే పేరుతో రొట్టెలు చేసుకుని రావాలి. అదే కోరికతో ఎదురుచూస్తున్న మనిషిని వెతికి చేతికివ్వాలి. పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు పెళ్లి కుదరని ఇంటివాళ్లకు, జబ్బు నయమైనవాళ్లు మంచంపట్టిన మనిషి కోసం వచ్చినవాళ్లకు, పరీక్ష గట్టెక్కినవాడు తప్పినవాడికి. విద్య, ఆరోగ్యం, సొంతిల్లు, వ్యాపారం, ఇలా రొట్టెకో పేరు. ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది. జనం తికమకపడకుండా ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో ఘాట్‌లో బోర్డులు కూడా పెడుతున్నారు. ఇచ్చేవాళ్లెవరో తీసుకునేవాళ్లకు తెలియదు. కులం అడగరు, మతం అడగరు. అడిగేది ఒక్కటే: ఏం రొట్టె?

ఒక మొహర్రానికి ఆ ఘాట్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నాకు రెండు మెట్ల కింద ఒకామె స్టీలు క్యారియర్ విప్పింది. నలభై దాటి ఉంటాయి. పై గిన్నెలో చపాతీలు ఒక్కోటీ విడిగా మడిచి, మడతలో కాస్త బెల్లం తురుము పెట్టుకొచ్చింది. చంకలో ఏడాది నిండని పిల్ల. పిల్ల గిన్నెలోకి చెయ్యి చాస్తుంటే ఒక చేత్తో అడ్డుకుంటూ, కళ్లతో గుంపునంతా గాలిస్తోంది. నీళ్లలోంచి ఒక చిన్నామె మొగుడి వెంట వచ్చి ఎదురుగా నిలబడింది. నోరు తెరిచి అడగలేకపోయింది. ఈమే అడిగింది.

"ఏం రొట్టె కావాల మే?"

"సంతానం."

"ఎన్నేళ్లాయె పెళ్లయి?"

"ఆరేళ్లక్కా."

"నాకు పదమూడేళ్లకు పుట్టింది. ఇదో, చూడు."

అంటూనే చంకలో పిల్లను ఆ అమ్మాయి చేతుల్లో పెట్టింది. రొట్టె తర్వాత ఇచ్చింది. "వచ్చే యేడు నువ్వు గూడా ఎత్తుకోని రావాల" అంది. అమ్మాయి రొట్టెను సగానికి తుంచి మొగుడికిచ్చి, మిగతాది తను తింటూ ఉంటే పిల్ల ఆమె మెడలో తాడు పట్టుకుని లాగుతోంది. అతను అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి పిల్ల తల్లి చంకకు చేరింది. ఇద్దరూ పేర్లయినా చెప్పుకోకుండానే గుంపులో కలిసిపోయారు.

మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. పిల్లల్లేని ఆడపడుచును బారసాలకు పిలవాలా వద్దా అని తటపటాయించే కుటుంబాలు ఈ రోజుకీ ఉన్నాయి. సీమంతంలో ఆమె చేత గాజులు తొడిగించరు. పెళ్లి కుదరని అక్కను చెల్లెలి పెళ్లిచూపుల రోజున వంటింట్లో ఉంచుతారు. మొగుడు పోయిన తల్లి కన్నకొడుకు పెళ్లిలోనే వెనక వరుసలో కూర్చుంటుంది. మన సంతోషానికి ఎవరి కన్నో తగులుతుందని భయం. దిష్టి అని దానికో పేరు కూడా ఉంది. స్వర్ణాల చెరువులో ఆ భయానికి చోటు లేదు. బిడ్డ పుట్టిన తల్లి బిడ్డ లేని తల్లిని వెతుక్కుంటూ రావాలి. ఆమె చేతికి రొట్టె అందితేనే మొక్కు తీరినట్టు. నిన్నటిదాకా నన్ను తిన్న దిగులు ఇవాళ ఎవరిని తింటోందో వెతకడమే ఇక్కడ పూజ. ఇంతకంటే గొప్ప ఆచారం మన పండుగల్లో ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఈ ఆచారం ఎలా మొదలైందో నెల్లూరు జనం ఒక కథ చెప్పుకుంటారు. యుద్ధంలో పన్నెండు మంది వీరుల తలలు గండవరం దగ్గర తెగిపడ్డాయట. మొండేలను గుర్రాలు ఈ చెరువు గట్టుదాకా మోసుకొచ్చాయట. ఆ సమాధుల పక్కనే చెరువులో బట్టలుతికే ఒక చాకలి దంపతులు ఓ రాత్రి గట్టు మీదే నిద్రపోయారు. ఆర్కాటు నవాబు భార్య జబ్బుతో ఉందనీ, తమ సమాధుల మీది మట్టి తీసుకెళ్లి నుదుట రాస్తే నయమవుతుందనీ ఆ చాకలి ఇల్లాలికి కలలో అమరులు చెప్పారు. మట్టి వెళ్లింది, జబ్బు తగ్గింది. నవాబు కుటుంబంతో వచ్చి మొక్కు చెల్లించి, తెచ్చిన రొట్టెలు అక్కడున్నవాళ్లకు పంచిపెట్టాడు. ఇదీ కథ. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని నేను తవ్వబోవడం లేదు. నాకు నచ్చింది ఒక్కటే. అమరులు నవాబు కలలోకి వెళ్లలేదు, గట్టు మీద అలిసి పడుకున్న చాకలామె కలలోకి వచ్చారు. రాణి ఆరోగ్యం ఆమె చేతుల మీదుగా వెళ్లింది.

మరో సంగతి ఆలోచించినకొద్దీ విస్మయం కలుగుతుంది. ఈ సంబరమంతా జరిగేది మొహర్రంలో. అది దుఃఖపు నెల. హిజ్రీ 61, అంటే క్రీ.శ. 680లో, మొహర్రం పదో రోజున కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్ అయినవాళ్లతోనూ సహచరులతోనూ కలిసి ప్రాణాలర్పించాడు. యూఫ్రటీస్ నది కంటికి కనిపిస్తున్నా శత్రువులు నీళ్లు ముట్టనివ్వలేదు. దాహంతో పసిపిల్లలు అల్లాడారు. ముందు రోజు రాత్రి హుస్సేన్ దీపం ఆర్పేసి, వెళ్లదలచినవాళ్లు ఈ చీకట్లో వెళ్లిపోవచ్చు, ఎవరినీ తప్పుపట్టను అన్నాడని చెబుతారు. స్నేహితులెవరూ కదల్లేదట. తమ్ముళ్లు, కొడుకులు, మేనల్లుళ్లు, స్నేహితులు, దాదాపు అందరూ తెల్లారాక ఒకే చోట ఒరిగారు. ఆ నీళ్లకు నోచుకోని పిల్లల పేరు మీదే మొహర్రంలో దారినపోయే ప్రతివాడికీ షర్బత్ ఇస్తారు. చాలా ముస్లిం ఇళ్లలో ఈ నెలలో పెళ్లి ముహూర్తాలు పెట్టరు. అలాంటి నెలలో నెల్లూరు చెరువులో నిలబడి జనం పెళ్లి రొట్టె అడుగుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు పొసగనట్టుంటుంది. నాకు మాత్రం రెండూ ఒకే చోట పుట్టినట్టు అనిపిస్తుంది. దాహంతో పోయినవాళ్లను తలుచుకుని నీళ్లిచ్చే మనసుకు, తన ఇంట సంతోషాన్ని తలుచుకుని రొట్టె ఇవ్వడం ఎంతసేపు?

దుఃఖాన్ని సొంతం చేసుకోవడంలో మన పల్లెలకు మతం ఎన్నడూ అడ్డురాలేదు. మొహర్రంలో పీర్ల పండుగ వస్తే పీర్లకు దట్టీలు కట్టేవాళ్లలో, ఊదు పొగ పట్టేవాళ్లలో, గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్లలో సగం మందికి పైగా హిందువులే ఉన్న ఊళ్లు ఎన్నో. ముస్లిం గడప ఒకటి కూడా లేని ఊళ్లలో పీర్లు లేచే చోట్లున్నాయి. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు చక్కెర చదివింపులు చేసేవాళ్లలో చాలామంది పేర్లు చూడండి: కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ. నెల్లూరు, గుంటూరు వైపు హిందువుల ఇళ్లలో మస్తానయ్యలు, మస్తానమ్మలు. రాయలసీమంతా దస్తగిరులు, ఫక్కీరప్పలు, హుసేనమ్మలు. బిడ్డ దక్కితే నీ పేరు పెట్టుకుంటామని దర్గాకు మొక్కుకున్న తల్లుల మాట అది. రేషన్ కార్డుల్లో, ఆధార్ కార్డుల్లో భద్రంగా ఉంది. ఈ నెల్లూరులోనే 13వ శతాబ్దంలో, జనం శివుడనీ విష్ణువనీ కొట్టుకుంటున్న కాలంలో, తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. రెండు గడపలనూ ఒక్క ఇంటిగా చూసే అలవాటు ఈ ఊరికి పాతదే.

ఇదంతా మా మతంలో లేదనే ముస్లిం పెద్దలున్నారు. మనకెందుకు ఈ దర్గాలనే హిందువులున్నారు. రొట్టె తింటే వీసా వస్తుందా అని నవ్వే చదువరులూ ఉన్నారు. మొదటి ఇద్దరి నమ్మకం వాళ్లది, నేను కాదనను. మూడోవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. వీసా ఇచ్చేది కాన్సులేటే, ఆ సంగతి రొట్టె తీసుకునే కుర్రాడికి మీకంటే బాగా తెలుసు. రెండుసార్లు తిరస్కరించిన కాగితాలు వాడి సంచిలోనే ఉంటాయి. అయినా వాడు వచ్చాడు. ఎందుకంటే తనలాగే రెండుసార్లు దెబ్బతిని మూడోసారి గట్టెక్కినవాడు ఎదురుగా నిలబడి భుజం తట్టే చోటు ఊళ్లో వేరే లేదు.

మరి కోరిక తీరనివాళ్లో? వాళ్లూ వస్తారు. మళ్లీ అదే రొట్టె అడుగుతారు. ఇంకా తీరలేదా అని ఎవరూ ఆరా తియ్యరు. గూడూరు నుంచి ఒకామె, ఒంగోలు నుంచి ఒకామె కూతుళ్ల పెళ్లి కోసం రొట్టె అడుగుతూ ఈ నీళ్లలోనే పరిచయమయ్యారు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. తర్వాత నుంచి మొహర్రం ఎప్పుడొస్తుందో చూసుకుని కలిసే బయలుదేరేవాళ్లు. చంద్రమాన నెల కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఓసారి ఎండ, ఓసారి వాన. గూడూరామె కూతురికి ముందు పెళ్లయింది. రొట్టెలు చేసుకుని వచ్చిందామె. చుట్టూ పది చేతులు చాపినా అందరినీ దాటుకుని వెళ్లి మొదటి రొట్టె ఒంగోలామెకే పెట్టింది. "ఇన్నేళ్లు నా పక్కన నిలబడింది ఇదేగా" అంది నాతో. ఒంగోలామె కళ్లలో నీళ్లున్నాయి. అసూయ ఉందేమోనని చూశాను. లేదు. "దాని బిడ్డ పెండ్లిలో వడ్డించింది నేనే" అంది.

2020, 2021 మొహర్రాల్లో కరోనా వల్ల చెరువు దగ్గర పండుగ జరగలేదు. 2019లో రొట్టె తీసుకుని కోరిక తీరినవాళ్లు బాకీ తీర్చుకోలేకపోయారు. కొందరు ఇంట్లోనే చేసి ఇరుగుపొరుగుకు పంచారు. చాలామంది ఎదురుచూశారు. ఆగస్టు 2022లో మళ్లీ ఘాట్ నిండింది. ఆ ఏడాది వచ్చిన జనాన్ని చూస్తే గుండె పిండినట్టయ్యేది. రొట్టె తీసుకున్నవాళ్లు కొందరు లేరు. వాళ్ల బాకీ మోసుకొచ్చింది మిగిలినవాళ్లు.

అలా వచ్చిన ఒక తల్లీకొడుకులను అప్పుడే చూశాను. 2019లో కొడుకు ఉద్యోగం కోసం రొట్టె తీసుకుంది తండ్రి. కొడుక్కి ఉద్యోగం వచ్చింది. రెండో విడత కరోనాలో తండ్రి పోయాడు. మొదటి జీతం చేతికందిందీ, తండ్రికి కర్మ చేసిందీ కొద్ది నెలల తేడాలోనే. ఆ ఇంట్లో ఏ సంగతి తలుచుకున్నా రెండోది వెంటే వస్తుంది. తల్లి చపాతీలు చేసుకుని వచ్చింది. కొడుక్కి నీళ్లలోకి దిగడం ఇష్టం లేదు, మెట్ల మీదే నిలబడ్డాడు. "మీ నాయన ఒప్పుకున్న మాట రా అబ్బయ్యా, మనం గాకపోతే ఎవురు తీరుస్తారు?" అని ఆమే చెయ్యి పట్టుకుని దింపింది.

డిగ్రీ అయిపోయిన ఒక పిల్లాడు, భుజాన కాలేజీ బ్యాగుతోనే వచ్చినట్టున్నాడు, ఉద్యోగం రొట్టె అని అడుగుతూ వీళ్ల ముందుకొచ్చాడు. కొడుకు రొట్టె చేతికి తీసుకున్నాడు గానీ చాలాసేపు ఇవ్వలేకపోయాడు. తర్వాత ఇచ్చాడు. పిల్లాడు తినబోతుంటే తల్లి ఆపింది.

"ఎవురితో వచ్చినావు నాయనా?"

"ఒక్కడినేనమ్మా. బస్సుకొచ్చా."

"మీ నాయన ఉండాడా?"

"ఉండాడమ్మా. పొలం పని, రాలేకపోయినాడు."

"అయితే సగం ఈడ తిను. సగం ఇంటికి తీసకపోయి ఆయనకు పెట్టు" అంది. పిల్లాడు సగం తిన్నాడు. మిగతా సగం మడిచి బ్యాగులో పెట్టుకోబోతుంటే, ఎండిపోతుందని చెప్పి ఆమె క్యారియర్ మీది గుడ్డ విప్పి దాంట్లో చుట్టి ఇచ్చింది.