గోడ మీది కాపలాదారు: థర్మోస్టాట్

పాఠం మంచి పట్టులో ఉంది. ఇంతలో బడి నౌకరు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. గోడకున్న ఉష్ణమాపకం చూసి వెళ్ళిపోయాడు. నేలమాళిగలోకి దిగి, గదిలోకి వచ్చే వేడిని సరిచేయడం అతని పని. కొంతసేపటికి మళ్ళీ వచ్చాడు!

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వైట్‌వాటర్ పట్టణపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యుడు వారెన్ జాన్సన్‌కు ఈ రాకపోకలు విసుగు పుట్టించాయి. గది వేడిలో తేడా వస్తే కిందనున్న నౌకరుకు గంట మోగే విద్యుత్ సాధనం తయారుచేసి, 1883లో పేటెంటు పొందాడు. నేడు అక్కడి ఇళ్ళ గోడల మీద కనిపించే థర్మోస్టాట్‌కు పూర్వీకులలో అదొకటి.

ఎలా పనిచేస్తుంది?

వేడికి లోహాలు వ్యాకోచిస్తాయని మీకు తెలుసు. కాని అన్నీ ఒకేలా వ్యాకోచించవు. ఇత్తడి బాగా సాగుతుంది. ఇనుము, నికెల్ కలిసిన ఇన్వార్ అనే మిశ్రలోహం దాదాపు సాగదు. ఈ రెంటి పట్టీలను ఒకదానికొకటి అతికిస్తే ఏమవుతుంది? వేడి తగలగానే జంట పట్టీ ఇన్వార్ వైపుకు వంగుతుంది. ఇదే ద్విలోహ పట్టీ.

పాత థర్మోస్టాట్లలో ఇలాంటి పట్టీని గడియారపు స్ప్రింగులా చుట్టి, దానికొక చిన్న గాజుబుడ్డి అమర్చేవారు. బుడ్డిలో కాస్త పాదరసం, రెండు తీగల కొసలు ఉంటాయి. గది చల్లబడితే చుట్ట కదిలి బుడ్డి ఒక పక్కకు వాలుతుంది. పాదరసం దొర్లి తీగలను కలుపుతుంది. విద్యుద్వలయం పూర్తయి, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు వెలుగుతుంది. గది వెచ్చబడితే బుడ్డి రెండో పక్కకు వాలి, ఫర్నేసు ఆరిపోతుంది. పాదరసం విషం కనుక ఇప్పటి సాధనాల్లో వేడిని బట్టి విద్యున్నిరోధం మారే థర్మిస్టర్ వాడుతున్నారు.

చూశారా! థర్మోస్టాట్ వేడినీ పుట్టించదు, చల్లదనాన్నీ పుట్టించదు. అదొక స్విచ్చి మాత్రమే. మామూలు ఫర్నేసుకు మండటం, ఆరటం తప్ప మరొకటి తెలియదు. కాబట్టి 20 డిగ్రీలకు బదులు 30 డిగ్రీలు పెట్టినంత మాత్రాన గది త్వరగా వెచ్చబడదు. ఫర్నేసు ఎక్కువసేపు మండి ఇంధనం దండగవుతుంది.

ఎక్కడ బిగించాలి?

ఈ కాపలాదారుకు తానున్న చోటు తప్ప ఇల్లంతా కనిపించదు. ఎండ పడే చోట పెడితే ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని ఫర్నేసును ఆపేస్తుంది. మిగతా గదుల్లోవారు వణకవలసిందే! అందుకే ఎండా, దీపాల వేడీ తగలకుండా, లోపలి గోడకు, నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తున బిగిస్తారు. తీగల కోసం గోడకు చేసిన రంధ్రాన్ని కూడా పూడుస్తారు. లేకపోతే గోడ లోపలి చల్లగాలి దాన్ని మోసగిస్తుంది.

తీగల సంగతి

అమెరికా ఇళ్ళలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులను 24 వోల్టులకు తగ్గించి థర్మోస్టాట్‌కు పంపుతుంది. 'ఆర్' గుర్తు దగ్గరికి ఈ విద్యుత్తు వస్తుంది. ఆర్‌ను 'డబ్ల్యూ'తో కలిపితే ఫర్నేసు, 'వై'తో కలిపితే చల్లబరిచే కంప్రెసర్, 'జి'తో కలిపితే పంకా నడుస్తాయి. 'సి' అనేది విద్యుత్తు తిరిగి వెళ్ళే దారి. ఆర్, సి తీగలు నేరుగా తాకితే షార్ట్ సర్క్యూట్ అయి ఫ్యూజు పోవచ్చు, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. కనుక పనివారు ముందు మెయిన్ ఆపుతారు. తీగల రంగులను నమ్మరు; రెండు కొసల దగ్గరా ఉన్న అక్షరాలను సరిచూస్తారు. కొన్ని ఇళ్ళలో గోడ హీటర్లకు 240 వోల్టులు నేరుగా థర్మోస్టాట్ గుండానే వెళతాయి. అక్కడ పొరపాటు ప్రాణాంతకం.

ఇలాంటి కాపలాదారు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. పెద్దవాళ్ళు ఆటోమేటిక్ ఇస్త్రీపెట్టె వాడేటప్పుడు దూరం నుంచి గమనించండి. కాసేపటికి 'టక్' మని శబ్దమై చిన్న దీపం ఆరిపోతుంది. లోపల ద్విలోహ పట్టీ వంగిందన్నమాట!